బలమనుకున్న బిగువు: కలకత్తాలో అయిదు రోజులు

రైల్లో

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఎదుటి బెర్తులోని పెద్దావిడ పులిహోర పొట్లం విప్పింది. విజయనగరంలో రైలెక్కి నేను కూర్చుని అప్పటికి పావుగంట కూడా కాలేదు. ఆవిడ నా పేరు అడగలేదు. అరిటాకు ముక్క చింపి, అందులో ఇంత పెట్టి నా చేతికిచ్చింది.

"అప్పన్న ప్రెసాదం. తినండమ్మా."

తింటుంటే నా సామాను వైపు చూసింది. ఒక సంచీ, ఒక కొయ్య కుర్చీ. కుర్చీకి నడుము దగ్గర పట్టీ ఉంటుంది, కూర్చునే పలక ముందు భాగంలో నిలువుగా ఒక చెక్క ముక్క ఉంటుంది.

"ఇదేటమ్మా, మంగలి కుర్సీయా? ముందే తెలిస్తే మావోడికి ఇందులోనే గుండు గీయించేద్దుము."

పక్కనున్న కోడలు నవ్వింది. నేనూ నవ్వాను. నా కూతురిదని మాత్రం చెప్పాను.

చదివేవాళ్లకు మిగతాది చెప్పాలి. నా కూతురు సుధ రెండు నెలల ముందు పుట్టింది. పుట్టిన రోజుల్లోనే మెదడుకు దెబ్బ తగిలింది. నడవలేదు. ఇరవై రెండేళ్లు బతికి, నిరుడు వానాకాలంలో నిమ్ముచేసి పోయింది. పన్నెండేళ్ల కిందట ఒకసారి దాన్ని కలకత్తాలో ఇలాంటి పిల్లలకు వ్యాయామం నేర్పే ఒక కేంద్రానికి తీసుకెళ్లాను. అక్కడ గీసిచ్చిన బొమ్మను బట్టి మా ఊరి వడ్రంగి చేసిన కుర్చీ ఇది. నిలువు చెక్క కాళ్లు ఒకదాన్నొకటి కత్తెరలా పెనవేసుకోకుండా ఆపుతుంది. చెక్క గట్టిది, ఇంకో బిడ్డకు పనికొస్తుంది. దాన్ని ఆ కేంద్రానికి ఇచ్చి రావడమే నా ప్రయాణం.

పెద్దావిడ పేరు పైడమ్మ. వాళ్ల మామ శ్రీకాకుళం వైపు నుంచి కలకత్తా మున్సిపాలిటీలో పనికి వెళ్లాడట. ఆవిడా ముప్పై ఏళ్లు వీధులూడ్చి రిటైరయింది. ఏక్‌బాల్‌పూర్‌లో వాళ్లుండే వరసలో ఎవరికి బిడ్డ పుట్టినా నీళ్లు పోసేది ఆవిడే. కోడలు రూప అక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది, చదువు మాత్రం బెంగాలీలో. రూప ఒళ్లో అయిదు నెలల పిల్లవాడు, సింహాద్రి. సింహాచలంలో పుట్టువెంట్రుకలిచ్చి తిరిగి వెళ్తున్నారు. గుండు మీద చందనం ఇంకా ఆరలేదు.

"ఏడో నెల్లోనే వొచ్చీసినాడు. గుప్పెడంత. ఆస్పత్రిలో నెలన్నర గాజు పెట్టెలో ఉన్నాడు. ఇప్పుడు సూడండి" అని పైడమ్మ పిల్లవాణ్ణి చంకల కింద పట్టుకుని తన ఒళ్లో నిలబెట్టింది. "అయిదు నెల్లకే నిలబడతన్నాడు! మా లైన్లో ఏ గుంటడూ ఇలగ నిలబళ్లేదు. అంత బలం."

తల ఇంకా వాలిపోతోంది. కాళ్లు మాత్రం కర్రల్లా బిగుసుకున్నాయి. మడమలు ఆనలేదు, వేళ్ల చివర్ల మీద ఉన్నాడు. ఒక పాదం రెండో పాదం మీదికి వెళ్తోంది. పిడికిళ్లు మూసి ఉన్నాయి, బొటనవేళ్లు లోపల.

నాకు ఆ కాళ్లు తెలుసు. సుధ ఆరో నెలలో ఇలాగే నిలబడితే మా ఆయన ఫోటో తీయించి బంధువులందరికీ పంపాడు. అది బలం కాదనీ, మెదడు నుంచి కాళ్లకు వెళ్లే మాట సరిగా అందక కండరం బిగుసుకోవడమనీ మాకు తెలిసేసరికి దానికి రెండేళ్లు నిండాయి.

"బాగున్నాడు" అన్నాను. గుండు చేయించి మొక్కు తీర్చుకొచ్చే వాళ్లతో ఇంకేమంటాను? నేను డాక్టర్ని కూడా కాదు, కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయిన మనిషిని. పొద్దున హౌరాలో దిగేటప్పుడు పైడమ్మ, "ఏక్‌బాల్‌పూర్ వొస్తే తెలుగోళ్ల లైను ఎక్కడా అని అడుగమ్మా. నీళ్లోసే పైడమ్మంటే కుక్క కూడా సూపిస్తాది" అంది. తల ఊపాను.

కుర్చీతో ఊళ్లోకి

టాక్సీ అతను కుర్చీని పైన తాడుతో కట్టాడు. ఒక మలుపులో అది జారి ముందు అద్దం మీదికి వచ్చింది. వెనక బస్సులు హారన్లు మొదలుపెట్టాయి. అతను తొందరపడలేదు. దిగి, మెడలోని గంఛా తువ్వాలు తీసి దాంతో కూడా కట్టాడు. వెనకవాళ్లతో "దాదా, ఒక్క నిమిషం" అన్నాడు, వాళ్లు ఊరుకున్నారు. ఈ ఊళ్లో దాదా అనే మాటకు చాలా పని ఉంది. మన దగ్గర అన్నా అంటే ఏదో అడగబోతున్నాడనిపిస్తుంది. ఇక్కడ తిట్టేముందు కూడా దాదా అంటారు, దాంతో సగం తిట్టు తగ్గిపోతుంది.

బస దగ్గర వీధి మూల కొట్లో నాలుగు కచోరీలు, బంగాళాదుంప కూర ముప్పై రూపాయలు. కూరలో తీపి తగిలింది, పప్పులోనూ తగిలింది. రెండోరోజుకు అలవాటయింది. మట్టి ముంతలో టీ పది రూపాయలు. తాగి ముంతను పారేయాలి. నాకు చేతులు రాలేదు, మొదటి రెండూ కడిగి సంచీలో పెట్టుకున్నాను. టీ కొట్టతను చూసి తల పట్టుకున్నాడు.

రెండో అంతస్తు

కేంద్రం పాత ఇంట్లోనే, రెండో అంతస్తులో ఉంది. చాపలు, నేలకు ఆనించిన పొడుగాటి అద్దాలు. అద్దాలు అంత కిందికి ఎందుకంటే అక్కడి పిల్లలు ఎక్కువగా పడుకునో పాకుతూనో ఉంటారు. నాకు గుర్తున్నవాళ్లు ఎవరూ లేరు. సుతప అనే థెరపిస్టు వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. కుర్చీని తిరగేసి, మరలు బిగించి, టేపుతో కొలిచింది. "చాలా బాగా వాడారు" అంది. పట్టీ దగ్గర నేను వేసిన కుట్లు చూసి ఆ మాట అంది. ఆ మధ్యాహ్నమే ఒక ఎనిమిదేళ్ల పాప అందులో కూర్చుని అన్నం తిన్నది. నేను చూశాను. పాప వాళ్లమ్మ నాకు చేప పెట్టబోతే, తిననంటే, నమ్మలేనట్టు చూసింది.

సుతపతో రైలు సంగతి చెప్పాను. మేం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం. ఆమె చేతిలో పని ఆపేసింది.

"అసలు పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేస్తే ఎన్ని వారాలు?"

పదకొండు వారాల ముందు పుట్టాడని రూప రైల్లో చెప్పింది. ఇప్పుడు అయిదు నెలలు. లెక్కేస్తే సరిగ్గా పదకొండో వారం.

"అయితే ఇదే సమయం" అంది సుతప. చాప మీద కూర్చోబెట్టి నాకు చెప్పింది. ఆ వయసులో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఎవరూ పలకరించకుండా వదిలేస్తే, మణికట్లు, చీలమండలు, మెడ అన్నీ చిన్నగా, ఆగకుండా కదులుతుంటాయి. మెదడు బాగుంటే ఆ కదలికలు ఉంటాయి. అవి కనిపించకపోతే జాగ్రత్త పడాలి. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఫోన్లో మూడు నిమిషాల వీడియో, చూడడం నేర్చిన కన్ను ఉంటే చాలు. కానీ ఆ కదలికలు కొన్ని వారాలే ఉండి పోతాయి. ఆ తర్వాత చూస్తే ఏమీ తెలియదు.

"ముందే తెలిస్తే ఏమవుతుంది?" అన్నాను. జవాబు పుస్తకాల్లో చదివాను. మనిషి నోట వినాలనిపించింది.

"దెబ్బను తీసేయలేం. కానీ ఈ వయసు మెదడు పక్కదారులు వేసుకుంటుంది. ఇప్పుడు మొదలుపెడితే వేసుకోవడానికి సాయం చేయొచ్చు. రెండేళ్లకు వస్తే ఆ సాయం చాలావరకు కుర్చీలు చేయడమే." అని ఆగి, "క్షమించండి" అంది.

"పర్లేదు. కుర్చీ కూడా పనికొచ్చింది" అన్నాను.

ఏక్‌బాల్‌పూర్

మర్నాడు ఖిదిర్‌పూర్ వైపు బస్సెక్కాను. లారీలు, ఓడల తాళ్లు అమ్మే కొట్లు, బిర్యానీ గుండిగలు. తెలుగువాళ్ల లైనును కుక్క చూపించలేదు కాని, పండ్ల బండి ముసలాయన చూపించాడు. ఒకే వరసగా చిన్న ఇళ్లు, మధ్యలో కుళాయి. ఒక గుమ్మం మీద పసుపు, పక్క గుమ్మం మీద బెంగాలీ ముగ్గు.

పైడమ్మ నన్ను చూసి సంబరపడింది. పక్కింటివాళ్లను పిలిచింది. టీ వచ్చింది, సింగాడాలనే అక్కడి సమోసాలొచ్చాయి. పిల్లవాణ్ణి మళ్లీ నిలబెట్టింది. అప్పుడు ఆ కాళ్ల సంగతి, కేంద్రంలో చూపించాలన్న సంగతి చెప్పాను. ఎంత మెల్లగా చెప్పినా మాట మాటే.

ఆవిడ ముఖం మారిపోయింది.

"ఏటమ్మా నువ్వనేది? రైల్లో నా పులిహోర తిని బాగున్నాడన్నావు. ఇప్పుడు ఇల్లెతుక్కొచ్చి కాళ్లు బాగోలేవంటావేటి? మా గుంటడికి దిష్టెట్టడానికొచ్చినావా?"

"అత్తా, ఆగు" అంది రూప.

"నువ్వూరుకోయే. నలభై ఏళ్లు నీళ్లోసినాను నాను. బలమేదో, జబ్బేదో నాకు తెలీదేటి?"

రూప లోపలికెళ్లి రేషన్ కార్డుతో పాటు దాచిన ఆస్పత్రి కాగితం తెచ్చింది. నన్ను మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తోంది. "మాసీ, నువ్వు చదివి అత్తకి చెప్పు. నర్సు దీదీ చెప్పింది, మళ్లీ రమ్మని. ఆ వారమే మేం సింహాచలం వెళ్లిపోయాం." కాగితంలో రెండు సంగతులున్నాయి. నెలరోజులప్పుడు మాడు మీద నుంచి తీసిన స్కానులో మెదడు లోపల చిన్న మార్పు కనిపించింది. అసలు పుట్టాల్సిన తేదీ నుంచి పదకొండో వారంలో కదలికల పరీక్షకు రావాలి.

"అసలు తేదీ ఏటి? పిల్లోడికి రెండు పుట్టినరోజులుంటాయేటి?" అంది పైడమ్మ. "ఆడు పుట్టిన్నాడు నాను గుమ్మంలో నిలబడున్నాను. అయిదు నెల్లయినాది. నెల నెలా బరువు పెరుగుతున్నాడు, ఇంకెందుకు ఆస్పత్రి?"

నా ఫోన్లో ఒక ఫోటో ఉంది. దాన్ని నేను ఎవరికీ చూపించను. తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆరు నెలల సుధ, నాన్న చేతుల మధ్య, వేళ్ల మీద నిలబడి ఉంది.

పైడమ్మ చాలాసేపు చూసింది. మనవడి పాదం ఒకసారి చూసింది, మళ్లీ ఫోటో చూసింది.

"ఎవుల గుంట?"

"నా కూతురు."

"నడిసినాదా?"

"లేదు."

"ఇప్పుడెక్కడుంది?"

"పోయింది. నిరుడు."

ఆవిడ ఫోన్ను కొంగుతో తుడిచి నాకిచ్చింది. "ఆ కుర్సీ ఆ అమ్మదేనా?" అంది. అవునన్నాను. పిల్లవాణ్ణి రూపకు అందిస్తూ, "రేపు నీ మొగుణ్ణి డూటీకి పొమ్మను. మనం ఈయమ్మ సెప్పిన కాడికి ఎళ్లొద్దాం" అంది.

నన్ను బస్సు దాకా దిగబెడుతూ రూప ఆస్పత్రి రోజుల గురించి చెప్పింది. ఏడో నెలలో నొప్పులొస్తే ప్రభుత్వాసుపత్రిలో తనకు రెండు మందులిచ్చారట. "ఒకటి వాడి ఊపిరికి, రెండోది వాడి మెదడుకి అన్నారు మాసీ. రెండోది ఎక్కిస్తుంటే ఒళ్లంతా కాలిపోయింది. సూది నాకు, మందు వాడికి!" పుట్టాక మొదటి మూడు రోజులు పిల్లవాడి తల అటూ ఇటూ వాలకుండా రెండు పక్కలా గుడ్డ చుట్టలు పెట్టారు. రక్తం మెల్లమెల్లగా తీసేవాళ్లు. గుడ్డ మార్చేటప్పుడు కాళ్లు పైకెత్తకుండా పక్కకు ఒత్తిగించి మార్చేవాళ్లు, కాళ్లెత్తితే రక్తం ఒక్కసారిగా తలకు పోతుందని. తలలోని పలుచని రక్తనాళాలు ఆ ఒత్తిడి తట్టుకోలేవట. "నర్సు దీదీ దగ్గర నిలబడి అందరికీ చెప్పేది, మెల్లగా, మెల్లగా అని. నేను బయట గాజులోంచి చూసేదాన్ని."

సుధ పుట్టినప్పుడు ఇవేవీ మాకు తెలియవు. ఉన్న నర్సులు మంచివాళ్లే. ఇంత చిన్న పనులను ఇంత జాగ్రత్తగా చేయాలని ఎవరో ఎక్కడో కనిపెట్టి, అది ఒక ప్రభుత్వాసుపత్రి వార్డు దాకా, ఒక నర్సు నోటి దాకా వచ్చిందంటే నాకు గౌరవం కలిగింది. అంత చేసినా సింహాద్రికి కొంత జరిగింది. ఆ జాగ్రత్త లేకపోతే ఎంత జరిగేదో.

మూడు నిమిషాలు

మర్నాడు కేంద్రంలో సుతపకు పైడమ్మతో మాట్లాడడానికి నా అవసరం లేకపోయింది. పైడమ్మ బెంగాలీ నా ఇంగ్లీషు కంటే బాగుంది. కానీ వీడియో అనగానే మొరాయించింది. ఒంటి మీద గుడ్డ లేని బిడ్డను ఫోన్లో తీయడమా? పదిమంది కళ్లు పడతాయి.

"నీ ఫోన్లోనే తియ్యి రూపా" అంది సుతప. "చూసి నీకే ఇచ్చేస్తాను. మొలతాడు ఉండనీ. దిష్టి చుక్క ఇంకోటి పెట్టుకుంటారా? పెట్టుకోండి."

అరికాలికి చుక్క పెట్టి పడుకోబెట్టారు. బొమ్మలు లేవు, మాటలు ఉండకూడదు. రూప ఫోన్ పట్టుకుంది. పది సెకన్లు కాలేదు.

"ఓరి నా తండ్రీ, ఇటు సూడు, అమ్మ ఫోటో తీస్తన్నాది..."

"మాసీమా!" అంది సుతప.

"నాను ఊరికే అన్నాను. ఏడుస్తాడని."

రెండోసారి రూప గాజులు గలగలమంటే పిల్లవాడు అటు తిరిగాడు. గాజులు తీసింది. మూడోసారి పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. తెలుగిళ్లలో మెలకువగా ఉన్న బిడ్డను మూడు నిమిషాలు పలకరించకుండా వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే. నేను ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత సుతప తన దగ్గరున్న ఒక వీడియో చూపింది. నేర్చుకునేవాళ్లకు చూపించడానికి ఆ తల్లిదండ్రులు ఒప్పుకున్నదట, ముఖం కనిపించదు. అదే వయసు బిడ్డ. మణికట్లు, చీలమండలు ఆగకుండా చిన్నగా తిరుగుతున్నాయి.

"నీళ్లల్లో సేపపిల్లల్లాగ" అంది పైడమ్మ. ఆ తర్వాత మనవడి వీడియో పెట్టించుకుంది. ఫోన్ను ముక్కు దగ్గర పెట్టుకుని మొత్తం చూసింది. ఎవరూ ఏమీ అనకముందే ఆవిడే అంది.

"సేతుల్లో కొంచెం ఉన్నాయి. కాళ్లల్లో లేవు."

సుతప ఆవిడ వైపు చూసింది. "మాకు ఇది చూడడం నేర్చుకోవడానికి చాలా రోజులు పడుతుంది మాసీమా."

పైడమ్మ ఆ పొగడ్తను పట్టించుకోలేదు. "నాను కాళ్లు లాగి లాగి నీళ్లోసినాను. తలకిందులుగా ఎత్తి ఊపినాను. నా సేతుల్తోనే సెడగొట్టుకున్నానేటి?"

"కాదు" అంది సుతప. "ఇది మీ చేతుల్లోకి రాకముందే జరిగింది. మీవల్ల కాదు, రూప వల్ల కాదు. నిలబడితే బలమనుకోవడం కూడా తప్పు కాదు, చూసేవాళ్లకు అది బలంలాగే ఉంటుంది."

ఆ మాట ఆవిడతో అంది. ఇరవై మూడేళ్లలో నాతో ఎవరూ అనలేదు. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను.

డాక్టరు కూడా చూడాలని, ముందు పుట్టిన పిల్లల్లో బిగువు ఒక్కోసారి దానంతటదే సర్దుకుంటుందని, అయినా తేలేదాకా ఆగకుండా రేపటినుంచే మొదలుపెడదామని సుతప చెప్పింది. పక్కా మాట ఏదీ ఇవ్వలేదు. నాకు అదే నచ్చింది.

పీట

నాలుగోరోజు సుతప అడిగిన ప్రకారం పైడమ్మ తన పీట, ఇత్తడి చెంబు తెచ్చింది. అక్కడి పద్ధతి అదట. ఇంట్లో బిడ్డకు ఏం చేస్తారో ముందు చూపించమంటారు, తర్వాతే నేర్పుతారు. "మా బెంగాలీవాళ్లు తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు, మీవాళ్లు చేత్తో అదుముతారు. ఇద్దరితోనూ పోట్లాడి లాభం లేదు" అని నవ్వింది సుతప.

పైడమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, మనవణ్ణి మోకాళ్ల కిందుగా కాళ్ల మధ్య పడుకోబెట్టింది. తల తిన్నగా ఉంది. తుంటి, మోకాళ్లు వంగి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లు పడగానే పిడికిళ్లు విచ్చుకున్నాయి. సుతప ఇంకో ఇద్దరు థెరపిస్టులను పిలిచి చూపించింది.

"దీనికోసం మేం ప్రత్యేకంగా బల్ల చేయించాం. ఇది దానికంటే బాగుంది."

"బల్లకి ఎంతయినాదేటి?" అంది పైడమ్మ.

చెబితే, "నా కాళ్లు ఊరికే వొస్తాయి" అంది.

సుతప మార్చినవి కొన్నే. తల అదమొద్దు. కాళ్లు బలవంతంగా లాగొద్దు. పట్టుకుని ఊపొద్దు, ఒళ్లో నిలబెట్టొద్దు. నీళ్లలో మెత్తబడినప్పుడు వాడి చేతిని వాడి పాదం దాకా తీసుకెళ్లాలి, తర్వాత వాడే వెతుక్కునేదాకా ఆగాలి. ఎత్తుకుంటే కాళ్లు ఎడంగా ఉండేలా నడుం మీద. పైడమ్మ రెండుసార్లకే పట్టుకుంది. మూడోసారి సింహాద్రి తన బొటనవేలు తనే తాకాడు. "సూసినావా! దొరికినాది ఆడికి!" అని ఆవిడ అరిస్తే ఆ గదిలో మూడు భాషల్లో నవ్వులొచ్చాయి.

అయిదోరోజు రూప నన్ను హౌరాలో దిగబెట్టింది. పైడమ్మ పంపిన పులిహోర ఇచ్చింది. బెంగాలీ ఆవనూనెతో చేసింది, ఘాటుకు కళ్లనీళ్లొచ్చాయి.

వచ్చాక

ఇది రాసేనాటికి నాలుగు నెలలయింది. రూప వారానికోసారి ఫోన్ చేస్తుంది. డాక్టరు చూశాడు. కాళ్లలో బిగువు నిజమే, చేతులు బాగానే ఉన్నాయి. సింహాద్రి ఒంటరిగా కాసేపు కూర్చుంటున్నాడు, బోర్లా పడి గిన్నెల దాకా జరుగుతున్నాడు. నడుస్తాడా అంటే ఇంకా ఎవరూ చెప్పలేరు. పైడమ్మ నెలకు రెండు రోజులు పీట పట్టుకుని ఆ కేంద్రానికి వెళ్తోంది. ముందు పుట్టిన బిడ్డలను తెచ్చిన తల్లులకు నీళ్లెలా పోయాలో చూపిస్తుంది. ఇంటి దగ్గర ఎవరికి బిడ్డ పుట్టినా ఆస్పత్రి కాగితం తెమ్మని, రూపచేత చదివించుకుని, రెండు పుట్టినరోజులూ గోడ మీద బొగ్గుతో రాయిస్తోంది.

పోయినవారం ఆవిడే ఫోన్ తీసుకుంది. పక్కింట్లో కొత్త మనవరాలట. చూడ్డానికొచ్చిన మేనమామ పిల్లను ఒళ్లో నిలబెట్టబోతే చేతిమీద ఒక్కటి వేసిందట.

ఏక్‌బాల్‌పూర్ తెలుగువాళ్ల లైన్లో ఇప్పుడు ఎవరూ చంటిపిల్లల్ని ఒళ్లో నిలబెట్టడం లేదు.